పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేమ్ ఎలా ఆడాలి? బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ఈ గేముల్లో వేళ్ల వేగంతో పనిలేదు. తెర మీద ఒక చోటు, కొన్ని వస్తువులు, కొందరు మనుషులు ఉంటారు. మౌస్‌తో చూడటం, తీసుకోవడం, మాట్లాడటం, ఒకదాన్ని ఇంకోదానితో కలిపి వాడటం, ఇదే ఆట. కొత్తవాళ్లకు 1994 నాటి ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ మంచి మొదలు. 2003 నుంచి అది ఉచితం. స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే ఇప్పటి కంప్యూటర్లలోనూ ఆడుకోవచ్చు.

1. కొత్త చోటికి రాగానే దేన్నీ తీసుకోకండి. మౌస్‌ను తెరంతా నెమ్మదిగా తిప్పి, పేరు కనిపించిన ప్రతిదాన్నీ ముందు ‘చూడండి’. హీరో ఏమంటున్నాడో శ్రద్ధగా చదవండి. ‘ఇది నాకెందుకు’ అంటే ప్రస్తుతానికి వదిలేయొచ్చు. ‘చెయ్యి అందట్లేదు’ అన్నాడంటే మాత్రం పొడవాటిదేదో ఎక్కడో ఉందన్నమాట.

2. ఒక కాగితం మీద ఎడమవైపు అడ్డంకులు రాయండి: తాళం వేసిన తలుపు, కదలని కాపలావాడు. కుడివైపు మీ దగ్గరున్న వస్తువులు రాయండి. చిక్కుకుపోయినప్పుడు తెరకన్నా ఈ కాగితమే ఎక్కువ సాయం చేస్తుంది.

3. అందరితో మాట్లాడండి. కొత్త సంగతి తెలిశాక అదే మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లండి.

4. పాత సేవ్‌ను చెరిపేయకుండా, ప్రతిసారీ వేరే స్లాట్‌లో (ఆటను దాచుకునే గడిలో) సేవ్ చేయండి, వెనక్కి వెళ్లాల్సి రావచ్చు. పాత గేములకు ఇది తప్పనిసరి. 1990 నాటి ‘కింగ్స్ క్వెస్ట్ 5’లో ఒకచోట పిల్లి ఎలుకను తరుముతుంది. ఆ కాసేపట్లో పిల్లి మీదికి ఏదో ఒకటి విసిరి ఎలుకను కాపాడాలి. లేకపోతే, తర్వాత మిమ్మల్ని నేలమాళిగలో కట్టిపడేసినప్పుడు తాళ్లు కొరకడానికి ఆ ఎలుక రాదు. ఆట అక్కడితో సరి.

5. దారి దొరక్కపోతే ఉన్నవన్నీ అన్నింటి మీదా ప్రయోగించకండి. లేచి వెళ్లండి. రాత్రి వదిలేసిన పజిల్‌కు పొద్దున్నే జవాబు తట్టడం నాకు చాలాసార్లు జరిగింది. అప్పటికీ తట్టకపోతే ఒక్క హింట్ చూడండి. వాక్‌త్రూ, అంటే మొదటి నుంచి చివరిదాకా ఏం చేయాలో చెప్పే గైడ్, మొత్తం చదివారంటే ఆడటానికి ఇంకేమీ మిగలదు.

6. ఇక తీర్పు. ముందు కావాలనే తప్పు చేసి చూడండి. సంబంధం లేని వస్తువు వాడినప్పుడు ప్రతిసారీ ‘అలా కుదరదు’ అనే మాటే వస్తే, తయారుచేసినవాళ్లు మీ ఆలోచనను ఊహించలేదని అర్థం. బొమ్మలు, సంగీతం నచ్చాయో లేదో మీకే తెలిసిపోతుంది.

7. అసలు పరీక్ష జవాబు తెలిశాక. ‘అరె, నాకెందుకు తట్టలేదు!’ అనిపిస్తే పజిల్ మంచిది. ‘ఇది ఎవరికి తడుతుంది?’ అనిపిస్తే కాదు. 1990 నాటి ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’లో కత్తియుద్ధం తిట్లతో సాగుతుంది. దారిలో ఎదురైన సముద్రపు దొంగల దగ్గర తిట్లూ, వాటికి జవాబులూ నేర్చుకుంటారు. చివరికి కత్తిసాములో ఆరితేరిన ఆవిడ మీరెప్పుడూ వినని తిట్లు తిడుతుంది. కానీ మీకు తెలిసిన పాత జవాబులే వాటికీ అతుకుతాయి! కావలసినదంతా ముందే మీ చేతిలో పెట్టారు.

1999 నాటి ‘గేబ్రియల్ నైట్ 3’లో ఇంకో రకం చూస్తాం. బైక్ అద్దెకు తీసుకోవడానికి స్నేహితుడి వేషం వేయాలి. పిల్లి వెంట్రుకలను టేపుకి అంటించి, తీపి పాకంతో మీసం చేసుకోవాలి. ఆ స్నేహితుడికేమో అసలు మీసమే లేదు, అతని పాస్‌పోర్టు ఫొటో మీద మీరే గీయాలి. ఇది ఎవరికి తడుతుంది? అయితే ఈ ఒక్కదానితో గేమ్‌ను పక్కన పెట్టేయకండి. ‘లె సర్పాన్ రూజ్’ అనే పజిల్ ఉన్నది కూడా ఇదే గేములో. పద్యంలాంటి రాతను ముక్కముక్కగా చదువుతూ, మ్యాప్ మీద వృత్తాలూ గీతలూ గీస్తూ వెళ్లే పజిల్ అది. ఈ తరహా గేముల్లో వచ్చిన గొప్ప పజిళ్లలో దాన్ని లెక్కపెడతారు. అందుకే నేను మార్కులు గేముకు వేయను, ఒక్కో పజిల్‌కు వేస్తాను.