పెరటి తోట పాఠాలు, 3వ భాగం: అదును, పదును, ఊరి బోర్డు

పోయిన పాఠంలో మడి కొలతలు రాసుకుని, ఎరువు కుప్ప ఒకసారి తిరగేయమన్నాను. తిరగేయనివాళ్ళు కూడా ఇది చదవొచ్చు, కానీ విత్తనం పొట్లం విప్పే ముందు ఆ పని కానిచ్చేయండి. చలి కాస్త తగ్గి వీపుకి ఎండ వెచ్చగా తగలగానే అందరికీ ఒకటే ఆత్రం, ఏదో ఒకటి నాటేయాలని. వసంతం మొదట్లో తోటలు ఎక్కువగా పాడయ్యేది ఈ ఆత్రం వల్లే, బద్ధకస్తుల తోటలే కొంత నయం. నేను చాలాసార్లు పాడుచేసుకున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

వ్యవసాయం తెలిసినవాళ్ళు రెండు మాటల్ని జంటగా వాడతారు: అదును, పదును. అదును అంటే ఆ విత్తనానికి కాలం కుదిరిన సమయం, పదును అంటే నేలలో పనికి సరిపడా తడి. ఈ పాఠం మొత్తం ఆ రెంటినీ చేత్తో, కంటితో, ఒక చిన్న థర్మామీటరుతో పట్టుకోవడం గురించే. పొట్లం వెనక రాసిన నెల చూసి విత్తే అలవాటు ఈ ఏడాదితో మానేద్దాం.

ముందు పదును సంగతి. జానెడు లోతు తవ్వి, అడుగునుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో గట్టిగా నొక్కండి. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరితే పార తీసుకెళ్ళి మూలన పెట్టేయండి, ఈ వారం దానితో పని లేదు. నీళ్ళు రాకుండా ముద్ద కడితే ఆ ముద్దని అరచేతిలో ఉంచి బొటనవేలితో పొడవండి. మెత్తగా పొడిపొడిగా విడిపోయిందా, పదును వచ్చింది, మొదలుపెట్టండి. వేలిముద్ర పడి ముద్ద అలాగే నిలబడిందా, ఇంకో రెండు మూడు రోజులు ఆగి మళ్ళీ చూడండి. అసలు ముద్దే కట్టకపోతే నేల పొడిగా ఉందనుకోవాలి, ముందురోజు సాయంత్రం తడిపి ఉదయం తవ్వండి. (ఇసుక నేలలో ముద్ద ఎప్పుడూ సరిగ్గా కట్టదు, అక్కడ చేతికి చల్లగా, తడిగా తగిలితే చాలు.)

తడిగా ఉన్నప్పుడు తవ్వితే ఏం పోయింది అంటారేమో. మట్టి రేణువుల మధ్య సన్నటి సందులుంటాయి, వేర్లకి గాలి అందేది వాటిలోంచే. తడి మట్టిని తిరగేసినా, తొక్కినా ఆ సందులు మూసుకుపోతాయి, ఎండాక గడ్డలు కడుతుంది, బంకమట్టి అయితే ఇటుకలే. వాటిని మళ్ళీ గుల్లబరచాలంటే ఒక్కోసారి ఆ సీజనంతా పడుతుంది. అందుకే తప్పనిసరిగా మడిలోకి దిగాల్సి వస్తే ఒక వెడల్పాటి చెక్క వేసుకుని దాని మీద నిలబడండి, బరువు ఒక్కచోట పడదు.

ఇక అదును. ఒక ఏడాది వరసగా వారం రోజులు ఎండ కాసేసరికి నేను ఆగలేక బీన్స్ గింజలు నాటేశాను. పన్నెండు రోజులు గడిచినా ఒక్కటీ తల ఎత్తలేదు. పదమూడో రోజు వేలితో కెలికి చూస్తే గింజ రెండింతలు ఉబ్బి ఉంది, పట్టుకోగానే పైతొక్క జారిపోయింది, నొక్కితే లోపల పేస్టులా చితికింది, పుల్లటి వాసన. మొలకెత్తడానికి నీళ్ళు తాగింది కానీ వెచ్చదనం చాలక అక్కడే కుళ్ళిపోయింది. గాలి వేడెక్కినంత త్వరగా నేల వేడెక్కదు, ముఖ్యంగా తడి నేల. పగటి ఎండ నా వీపుకి తెలిసింది గానీ రెండంగుళాల కింద ఉన్న గింజకి తెలియలేదు.

కాబట్టి ఉదయం పూట, నేల ఇంకా చల్లగా ఉన్నప్పుడే, థర్మామీటరు 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతుకి గుచ్చి చూడండి. ఒక్కరోజు చూసి సంబరపడొద్దు, నాలుగైదు రోజులు వరసగా అదే అంకె వస్తేనే లెక్క. 5 నుంచి 7 డిగ్రీలు దాటితే బఠాణీ, ముల్లంగి, పాలకూర, లెట్యూస్ వేసుకోవచ్చు, మెల్లగా వస్తాయి గానీ వస్తాయి. క్యారెట్ కూడా ఆ చల్లదనానికి తట్టుకుంటుంది కానీ మొలవడానికి మూడు వారాలు తీసుకున్నా కంగారుపడకండి, దాని తీరే అంత. బీన్స్‌కి 15, 16 డిగ్రీలు కావాలి. దోస, గుమ్మడి జాతికి 18 అయినా ఉండాలి. టమాటా, మిరప విత్తనాలు వెచ్చని చోట, 21 నుంచి 27 డిగ్రీల మధ్య, ట్రేలో మొలకెత్తించి, రాత్రి చలి 10 డిగ్రీల కంటే దిగని రోజులు వచ్చాకే బయట నాటాలి.

వేడి ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకి ఇది తిరగబడుతుంది. అక్కడ వసంతం పొట్టిది, ఎండాకాలం వెనకాలే తోసుకొస్తుంది. నేల 27, 30 డిగ్రీలకి చేరితే లెట్యూస్ విత్తనం బతికే ఉండి కూడా మొలవదు, నిద్రలోకి వెళ్ళిపోతుంది. అలాంటిచోట చల్లదనం కోరే పంటల్ని అందరికంటే ముందు, నీడ పట్టున వేసుకోవాలి. థర్మామీటరు అదే, చదివే తీరే వేరు.

చలి ప్రాంతాల్లో మరో టెన్షన్ మంచు. పొద్దున్నే కమ్ముకునే పొగమంచు సంగతి కాదు, రాత్రికి రాత్రి ఆకుల మీద తెల్లగా గడ్డకట్టేది. వాతావరణ సూచనలో 3 డిగ్రీలు అని చూసి నిశ్చింతగా పడుకుంటాం, తెల్లారేసరికి నారు నల్లబడి వాలిపోయి ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత కొలిచేది నేలకి మీటరున్నర అటూఇటూ ఎత్తులో, మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది కాబట్టి నేల దగ్గర సున్నాకి దిగిపోవచ్చు. పైగా చల్లగాలి బరువైనది, నీళ్ళలాగే పల్లానికి పారి అక్కడే నిలుస్తుంది. ఒకే ఊళ్ళో ఎగువ పెరట్లో మొక్కలు నిక్షేపంలా ఉంటే దిగువ పెరట్లో మాడిపోవడం అందుకే. నక్షత్రాలు బాగా మెరుస్తున్న రాత్రి పాత దుప్పటి కప్పడం మర్చిపోకండి, ఉదయం తీసేయడం కూడా.

సరిగ్గా ఇక్కడే ఊరి బోర్డు పనికొస్తుంది. సూచన ఇచ్చేవాళ్ళకి ప్రాంతం తెలుసు, మీ పల్లపు మూల తెలియదు. ఆ మూల తెలిసింది మీకూ మీ పక్కింటివాళ్ళకే. కాబట్టి ఊళ్ళో నలుగురూ ఆగే చోట ఒక బోర్డు పెట్టి, వారానికి ఒక కాగితం, ఒకే ఒక్క కాగితం, అంటించండి. రాయడంలో నియమం ఒక్కటే: ఎక్కడ, ఎప్పుడు, ఏం చూశారు. "వసంతం వచ్చేసింది, అందరికీ శుభాకాంక్షలు" అని రాస్తే చదివినవాడికి ఒరిగేదేమీ లేదు. "మంగళవారం తెల్లవారుజామున దిగువ వీధిలో గడ్డి మీద మంచు గడ్డకట్టింది, ఎగువ వీధిలో లేదు, గట్టు పక్క మడిలో ఉదయం నేల 9 డిగ్రీలు" అని రాస్తే ఆ రోజు నాలుగిళ్ళలో నారు బతుకుతుంది. దాని కింద ఎవరి దగ్గర టమాటా నారు మిగిలింది, ఎవరికి ఓ పూటకి గునపం కావాలి, బావి గట్టు బాగుచేయడానికి ఎప్పుడు కలుస్తున్నారు, అంతే. పేర్లు రాసేముందు అడగండి, నారు మిగిలిందని పేరు వేస్తే పొద్దున్నే తలుపు కొట్టేవాళ్ళు తయారవుతారు, అది అందరికీ ఇష్టం ఉండదు.

అంటించిన కాగితాలు చించి పారేయొద్దు, ఒక ఫైల్లో పెట్టండి. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో మొదలుపెట్టి, ఏటా మొదటి పువ్వు ఎప్పుడు విచ్చింది, ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, ఏ పక్షి ఎప్పుడు కూసింది రాసుకుంటూ పోయాడు. ఆయన తర్వాత ఇంట్లోవాళ్ళు 1958 దాకా కొనసాగించారు. జపాన్‌లో క్యోటో చెర్రీ పూల తేదీలైతే తొమ్మిదో శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి, వసంతం ఎంత ముందుకు జరుగుతోందో తేల్చడానికి ఇప్పుడు శాస్త్రవేత్తలు వాటినే తిరగేస్తున్నారు. మనకి అంత పెద్ద లక్ష్యం అక్కర్లేదు, మూడేళ్ళ కాగితాలు వరసగా ఉంటే మీ ఊళ్ళో ఏ చెట్టు పూసినప్పుడు నేల 15 డిగ్రీలకి వస్తోందో మీకే కనపడుతుంది. ఆ తర్వాత థర్మామీటరు ఎక్కడో పోయినా ఫరవాలేదు.

పదునూ అదునూ కుదిరేలోపు ఇంట్లో చేసే పని ఒకటుంది. పాత పొట్లాల్లో విత్తనాలు బతికున్నాయో లేదో చూడటం. తడిపి పిండిన గుడ్డలో పది గింజలు పరిచి, మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి వెచ్చని చోట ఉంచండి. వారం పది రోజుల్లో ఏడు మొలిస్తే వాడుకోవచ్చు, కాస్త ఒత్తుగా చల్లాలి. నాలుగుకి తగ్గితే నేలనీ నీళ్ళనీ వాటి మీద వృథా చేయకండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మలేం, టమాటా నాలుగేళ్ళున్నా ఫరవాలేదు, దోస ఇంకా గట్టిది.

ట్రేలో వేసేటప్పుడు లోతు విషయంలో పెద్ద లెక్కలొద్దు, గింజ మందానికి రెండు మూడింతలు మట్టి కప్పితే చాలు, లెట్యూస్‌కి వెలుతురు కావాలి కాబట్టి పైన చల్లి అద్దితే సరి. అసలు భయం మొలిచాక. బంగారంలాంటి నారు పొద్దున లేచి చూస్తే వరసగా పడిపోయి ఉంటుంది. ఒకటి తీసి దగ్గరగా చూడండి: ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, కానీ మట్టిని ఆనుకున్న చోట కాడ దారంతో బిగించి కట్టినట్టు సన్నబడి, గోధుమరంగులో నీరుపట్టి ఉంటుంది. ఇదే నారుకుళ్ళు. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా అనే బూజులాంటి సూక్ష్మజీవులు చేసే పని. పడిపోయినవాటిని బతికించలేం. ట్రే అడుగున చిల్లులు, పలచగా విత్తడం, పైమట్టి ఆరాకే మళ్ళీ నీళ్ళు, గాలి ఆడే చోటు, వాడే ముందు శుభ్రంగా కడిగిన ట్రే, ఇవి ఉంటే చాలావరకు రాదు. నీళ్ళు కిందనుంచి పెట్టండి, ట్రేని పళ్ళెంలో ఉంచి, పైన తడి కనపడగానే తీసేయండి. ప్రేమకొద్దీ రోజుకి మూడుసార్లు పోసేవాళ్ళ నారే ముందు పోతుంది.

ఈ వారం ఇంటిపని: మూడు చోట్ల పిడికిలి పరీక్ష, ఐదు ఉదయాలు నేల వేడి, ఒక పాత పొట్లం మొలక పరీక్ష, బోర్డు మీద మొదటి కాగితం. వచ్చే పాఠంలో ట్రేలో నారుని వారం పది రోజుల్లో బయటి ఎండకీ గాలికీ అలవాటు చేసి మడిలోకి ఎలా మార్చాలో చూద్దాం, అప్పటిదాకా టమాటా నారుని కిటికీ దాటించకండి.