వంశవృక్షం రాసేటప్పుడు వరసలు రాయొద్దు, ఎవరి బిడ్డో రాయండి

అమ్మమ్మ చెప్తుంటే నేను రాసుకున్న మొదటి లిస్టు ఎందుకూ పనికిరాలేదండీ. "పెద్దత్త", "చిన్న మావయ్య" అని రాసేశా, కానీ ఎవరికి అత్త, అమ్మమ్మకా అమ్మకా? చెప్పేవాళ్ళని బట్టి వరస మారిపోతుంది కదా. పైగా మన ఇళ్ళల్లో మేనరికాలు, కుండమార్పిడి పెళ్ళిళ్ళు (వాళ్ళ పిల్లని మనింటికి తెచ్చుకుని, మన పిల్లని వాళ్ళింటికి ఇవ్వడం). మా అమ్మమ్మని సొంత మేనమామకే ఇచ్చారు, అంటే ఆవిడ అత్తగారే ఆవిడకి అమ్మమ్మ కూడా, నేను మాత్రం ఇద్దరు వేరు మనుషులు అనుకుని ఏడాది పాటు రెండు చోట్ల రాసి ఉంచా.

అందుకే ఒక్కో మనిషికి ఒక నంబర్ ఇవ్వండి. ఎక్సెల్ అయినా లాంగ్ బుక్ అయినా పర్లేదు. పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఊరు, నాన్న నంబర్, అమ్మ నంబర్, పెళ్ళి చేసుకున్నవాళ్ళ నంబర్, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఇంతే. ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయాలి, ముందు మాయమయ్యేది అదే. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి పేరు కలిసింది కదా అని ఒకరే అనుకోవద్దు, వాళ్ళ నాన్న పేరు కూడా చూడండి.

వరస తర్వాత తీసుకోవచ్చు. ఇద్దరి నుంచీ పైకెళ్తూ ఎక్కడ కలుస్తారో చూడండి, అక్కడ అన్నదమ్ముల పిల్లలో అక్కచెల్లెళ్ళ పిల్లలో అయితే అన్నదమ్ముల వరస, ఒకరు అన్న పిల్లలు ఇంకొకరు చెల్లెలి పిల్లలు అయితే బావామరదళ్ళ వరస. రెండు దారుల్లో చుట్టరికం ఉంటే రెండూ రాయండి.

పెద్దవాళ్ళని ఏ సంవత్సరంలో పుట్టారు అని అడిగితే చెప్పలేరు, దివిసీమ ఉప్పెనకి (1977 నవంబర్) నీకెంత వయసు, పోలీస్ యాక్షన్‌కి (1948) పెళ్ళయిందా, ఏ గోదావరి పుష్కరాలకి (1979, 1991) చంటిపిల్లని ఎత్తుకెళ్ళావు అని అడిగితే టక్కున చెప్తారు. "నందన" అనే తెలుగు సంవత్సరంలో పుట్టా అంటే 1892 కావచ్చు, 1952 కావచ్చు, అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది, అందుకని వాళ్ళన్న మాట ఒక కాలమ్‌లో, మీ లెక్క పక్క కాలమ్‌లో పెట్టుకోండి.

కాగితాల్లో నాకు ఎక్కువ దొరికింది పాత పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకంలో. పేరు, ఊరు, ఎంత చదివించారు, అన్నీ ఉంటాయి, మనం మర్చిపోయిన చుట్టాలంతా అందులో ఉన్నారు! శుభలేఖలు, బిందెల మీద చెక్కించిన పేర్లు కూడా ఫోటో తీయండి. తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో తండ్రి, తాత, ముత్తాత పేర్లు నోటికి వస్తాయి, అడిగి రాసుకోండి. పొలం ఉంటే పాత పహాణీ, అడంగల్ (ఏ పొలం ఎవరి పేరున ఉందో రాసే రెవెన్యూ రికార్డులు) చూడండి, తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ. ఫసలీ సంవత్సరం (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి, 1364 ఫసలీ అంటే 1954-55.

ప్రతి ఫోటో ఫైలు పేరులో ఆ మనిషి నంబర్ పెట్టండి, అచ్చు ఫోటో అయితే వెనక పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు, సిరా ముందుకి దిగిపోతుంది.