కోళ్ల షెడ్డుకు సోలార్, బ్యాటరీ ఎలా పెట్టుకోవాలి?

బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోయినప్పుడు కోళ్లను ఎండ నుంచి కాపాడదు. లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవారికి షాక్ కొట్టకుండా దాన్ని అలాగే తయారుచేస్తారు. మే నెల ఎండ మండిపోతుంటే, కప్పు మీద ప్యానెళ్లు ఉండి కూడా కింద ఫ్యాన్లు ఆగిన షెడ్లు చూసి విసుగెత్తింది. సోలార్, బ్యాటరీ, లైను మూడింటితోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, అదీ లైను కరెంటులాంటి నునుపైన కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకమే తీసుకోండి.

ప్యానెళ్లు బిగించడం తేలిక. షెడ్లు తూర్పు పడమరలుగా పొడవుంటాయి కనుక కప్పులో ఒక వాలు దక్షిణానికే ఉంటుంది. వరంగల్‌కు 18 డిగ్రీల వాలు సరిపోతుంది. సిమెంటు రేకులైతే వాటి మీదికి ఎక్కొద్దు, పక్కన ఇనుప స్టాండు వేయించండి. ఎర్తింగ్ మరవొద్దు.

అసలు తిప్పలంతా బ్యాటరీ లెక్కలో ఉంది. ‘ఎన్ని కోళ్లు?’ అని మాత్రమే అడిగి బ్యాటరీల సంఖ్య చెప్పే దుకాణం నుంచి లేచి వచ్చేయండి. కరెంటు లేనప్పుడు ఏవేవి తిరగాలి, ఎన్ని గంటలు తిరగాలి అన్నదే లెక్క. 400 వాట్ల ఫ్యాన్లు 4, 9 వాట్ల ఎల్‌ఈడీలు 20 అనుకుందాం. మొత్తం 1,780 వాట్లు. మూడు గంటలకు సుమారు 5.3 యూనిట్లు.

12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ అనే లెడ్ యాసిడ్ రకం బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి. కానీ సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది, అంటే చేతికొచ్చేది 0.9 యూనిట్. ఆ లెక్కన ఆరు కావాలి. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుని, 48 వోల్టుల ఇన్వర్టర్‌కు నాలుగేసి చొప్పున పెట్టాలి కాబట్టి ఎనిమిది కొనండి. నాలుగుతో సరిపెట్టుకున్నవారి ఫ్యాన్లు రెండు గంటలు దాటితే గొప్ప. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీనైతే ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు. ధర ఎక్కువైనా నా ఓటు దానికే.

కోడిపిల్లలకు వేడినిచ్చే బ్రూడర్ బల్బులను ఈ లెక్కలోకి రానివ్వకండి. వేడి కోసం బ్యాటరీని ఖాళీ చేయడం శుద్ధ దండగ, పిల్లలకు గ్యాస్ బ్రూడరే మేలు. నీళ్ల మోటారును పగలే నడిపి ట్యాంకు నింపుకోండి.

ఇంకో చిక్కు ఉంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. నాలుగు ఫ్యాన్లూ ఒకేసారి వేస్తే ఇన్వర్టర్ ట్రిప్పవుతుంది. ఒక్కొక్కటిగా, కొన్ని సెకన్ల తేడాతో అందుకునేలా టైమర్లు పెట్టించండి. అప్పుడు 5 కేవీఏ ఇన్వర్టర్ చాలు.

బ్యాటరీలు షెడ్డులో ఉండకూడదు. లిట్టర్ (కోళ్ల కింద పరిచే పొట్టు, అందులో కలిసిన రెట్ట) నుంచి లేచే అమోనియా టెర్మినళ్లను తినేస్తుంది. గాలాడే వేరే గదిలో, నీడపట్టున పెట్టండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్లు విసిరే దుమ్ము, ఈకలు ప్యానెళ్ల మీదే వాలతాయి. తెల్లవారుజామున, అవి చల్లగా ఉన్నప్పుడే కడగండి. కొత్త బ్యాచ్ దిగకముందు ఒక సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి, మూడు గంటలూ ఫ్యాన్లు తిరుగుతాయో లేదో దగ్గరుండి చూడండి. అది తేలేదాకా పాత జనరేటర్‌ను అమ్మకండి.