పొట్ట మీద ఉబ్బు, గజ్జల్లో గడ్డ: ఏ పొర జారింది, ఏం చేయాలి

ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు వేలం కేంద్రాల్లో బేళ్లు మోసే హమాలీలు హెర్నియాను, అంటే పొట్ట గోడలో బలహీనమైన చోటునుంచి లోపలి పేగు బయటికి ఉబ్బే జబ్బును, ఒక్క ముక్కలో చెప్పేస్తారు: "నిలబడితే దిగతాది, పడుకుంటే పోతాది." డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అదే. ఉబ్బు ఎక్కడుంది, పడుకుంటే పోతుందా, దగ్గితే పెరుగుతుందా అన్న మూడూ గమనించుకుంటే, పొట్ట గోడలో లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు గోడ సంగతి. పొట్ట మధ్యలో పక్కటెముకల దగ్గర్నుంచి కింద జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఎముక) దాకా నిలువుగా రెండు కండరాల పట్టీలుంటాయి. రెండింటినీ కలుపుతూ నడుమ తెల్లటి గట్టి గీత. పక్కల మూడు కండరాలు ప్లైవుడ్ పొరల్లా ఒకదాని మీద ఒకటి, ఒక్కోటి ఒక్కో దిశలో ఉంటాయి. చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుంటే వేళ్లు ఎటు చూపిస్తాయో, పై పొర పోగులు అటే వెళ్తాయి. రెండోది దానికి అడ్డంగా, లోపలిది నడుం చుట్టూ బెల్టు కట్టినట్టు. అందుకే గోడ అంత తేలిగ్గా చీలదు. లోపం ఎక్కువగా దారులున్న చోటే వస్తుంది: బొడ్డు, గజ్జలు, పాత ఆపరేషన్ కోత.

గజ్జల్లో ఉబ్బు, పడుకుంటే మాయం

మగవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, గజ్జ హెర్నియా. పుట్టకముందు వృషణం కడుపులోంచి కిందికి దిగేటప్పుడు లోపలి పొరను కూడా సంచిలా వెంట లాక్కుని వస్తుంది. ఆ సంచి మూసుకుపోవాలి. మూసుకోకపోతే సుమారు 4 సెంటీమీటర్ల పొడవున్న గజ్జ కాలువలోంచి పేగు దిగుతుంది. కుర్రాళ్లలో వచ్చేది సాధారణంగా ఇదే. వయసు మళ్లినవాళ్లలో కాలువ వెనక గోడే పలచబడి ఉబ్బుతుంది. బస్తా ఎత్తినందుకే వచ్చిందని అందరూ అంటారు గానీ, బరువు చాలాసార్లు లోపల ఉన్నదాన్ని బయటపెడుతుంది, అంతే. బీడీ దగ్గు, మలబద్ధకం, ప్రోస్టేట్ పెరిగి మూత్రానికి ముక్కడం కూడా అదే పని చేస్తాయి. వీటికి వైద్యం చేయించకుండా ఆపరేషన్ ఒక్కటే చేయించుకుంటే మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది.

మందుల షాపులో దొరికే బెల్టు రంధ్రాన్ని పూడ్చదు, లోపలికి నొక్కి ఉంచుతుంది, అదీ కట్టుకున్నంతసేపే. మందులతోనూ తగ్గదు. ఇబ్బంది పెడుతుంటే ఆపరేషన్‌లో మెష్ (వల లాంటి పొర) పెట్టి సరిచేయడమే దారి. నొప్పి లేని చిన్న ఉబ్బైతే, సర్జన్‌ చూసి సరేనంటే, కొంతకాలం ఆగొచ్చు.

వరిబీజం, అంటే వృషణం చుట్టూ నీరు చేరడం, వేరు. అది పడుకున్నా పోదు, దాని పైఅంచు వేళ్లకు అందుతుంది. హెర్నియా అయితే పైకి గజ్జలోకే సాగుతుంది. ఊళ్లో రెంటినీ బుడ్డ అనే అంటారు కాబట్టి తేల్చుకోవాలంటే చూపించుకోవాల్సిందే.

ఆడవాళ్లలో గజ్జ మడత కింద, తొడ మొదట్లో చిన్న గడ్డ వస్తే దాన్ని వాయిదా వేయకండి. ఆ దారి ఇరుకు, పేగు బిగుసుకునే ప్రమాదం ఎక్కువ.

బొడ్డు ఉబ్బు

పసిపిల్లలకు రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టే అలవాటు ఇప్పటికీ పోలేదు. దానివల్ల చర్మం పాడవుతుంది తప్ప రంధ్రం మూసుకోదు. చాలామంది పిల్లల్లో 4, 5 ఏళ్లలోపు అదే మూసుకుంటుంది. పెద్దవాళ్లలో మాత్రం తనంతట మూసుకోదు, సర్జన్‌కు చూపించాలి.

కాన్పు తర్వాత పొట్ట మధ్యలో గట్టు

వెల్లకిలా పడుకుని తల ఎత్తితే బొడ్డు పైన నిలువుగా గట్టులా లేస్తుందా? ఇది హెర్నియా కాదు. మధ్య గీత సాగి రెండు కండరాల పట్టీలూ దూరమయ్యాయి. పేగు బిగుసుకుంటుందన్న టెన్షన్ అక్కర్లేదు. అయితే పొట్ట తగ్గాలని సిటప్స్ మొదలుపెడితే గట్టు ఇంకా లేస్తుంది. శ్వాస వదులుతూ బొడ్డును లోపలికి లాగే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

సిజేరియన్ లేదా పాత కోత మీద ఉబ్బితే అది వేరే సంగతి, కుట్టు చోట గోడ విడిపోయిందన్న మాట. దాన్ని స్కాన్ చేసి చూడాలి.

ఉబ్బు లేదు, ఒకే చోట నొప్పి

రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసిన మర్నాడు పొట్ట పక్కన పొడిచినట్టుంటే, వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న చోట వేలు నొక్కి పెట్టి తల ఎత్తి చూడండి. నొప్పి పెరిగితే అది గోడది, కండరం పట్టేసి ఉండొచ్చు. తగ్గితే లోపలి అవయవాలది కావొచ్చు. ఇది సూచన మాత్రమే. జ్వరం, వాంతులు ఉంటే ఈ పరీక్షతో కాలం గడపొద్దు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు గట్టిగా దగ్గాక పొట్ట నొప్పి, వాపు వస్తే కండరంలో రక్తం చేరి ఉండొచ్చు, వెంటనే వెళ్లాలి.

ఆగకూడని పరిస్థితి

ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు ఈసారి పోలేదు, గట్టిపడింది, ముట్టుకుంటే ప్రాణం పోతోంది, వాంతులవుతున్నాయి, గ్యాస్ కూడా పోవడం లేదు. అంటే పేగు బిగుసుకుంది, దానికి రక్తం ఆగిపోతోంది. బలంగా లోపలికి నెట్టొద్దు, కాపడం పెట్టొద్దు, ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. ఇది గంటల్లో తేలాల్సిన వ్యవహారం. 108కి ఫోన్ చేసి, సర్జన్ ఉండే పెద్దాసుపత్రికే, ఒంగోలో నెల్లూరో ఏది దగ్గరైతే అక్కడికి తీసుకెళ్లండి. ఉబ్బు ఎప్పటి నుంచి లోపలికి పోవడం లేదో, ఆఖరిసారి ఎప్పుడు తిన్నారో వెళ్లగానే చెప్పండి.