పాత తోలు కేసు మిలిటరీదో కాదో ఎలా తెలుస్తుంది?

తాతగారి ట్రంకుపెట్టెలోనో పాతసామాన్ల కొట్లోనో బైనాక్యులర్‌దో దిక్సూచిదో పాత తోలు కేసు దొరికితే చాలామంది వెంటనే పాలిష్ పట్టిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. దాని చరిత్రంతా తోలు మీద కొట్టిన, అరిగిపోయిన అచ్చుల్లోనే ఉంటుంది, నూనె రాస్తే తోలు నల్లబడి ఆ అచ్చులు ఇక కనబడవు.

గదిలో లైటు ఆపేసి టార్చి పక్కనుంచి వాలుగా వెయ్యండి. మూత లోపలివైపు, వెనక బెల్టు దూర్చే పట్టీల దగ్గర, భుజం పట్టీ చివర్లలో ఓపిగ్గా వెతకండి. కాకి అడుగులా మూడు గీతలు ఒకచోట కలిసే బాణం ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి గుర్తు. బాణంతో పాటు ఇంగ్లీషు ‘ఐ’ ఉంటే ఇండియాది, ‘సి’ లోపల బాణం ఉంటే కెనడాది, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియాది. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉంటే సర్కారు దాన్ని అమ్మేసిందని అర్థం. పక్కనే ఏడాది, తయారీదారు పేరు కూడా ఉండొచ్చు. 1917 అని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి సరుకు. కాన్పూర్ పేరు ‘సి’తో మొదలయ్యే పాత స్పెల్లింగులో ఉంటే మరీ శ్రద్ధగా చూడండి, ఎందుకంటే సైన్యానికి జీనులు, తోలు సామాను 1860ల నుంచీ అక్కడి ఫ్యాక్టరీలో తయారయ్యేవి.

బాణం ఉన్నంత మాత్రాన సైన్యానిదే అనుకోకూడదు, వేరే సర్కారు శాఖలూ ఆ గుర్తు వాడేవి. అలాగే గుర్తు లేకపోతే కాదని కొట్టెయ్యకూడదు, చాలామంది ఆఫీసర్లు బైనాక్యులర్లు సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్లు. నా లెక్కలో గట్టి సాక్ష్యం ఒకటే: కేసు మీదా లోపలి పరికరం మీదా ఒకే కాలం నాటి అచ్చులు ఉండటం. అందుకే పరికరం దాని గూట్లో సరిగ్గా కూర్చుంటుందో లేదో, అస్తరు మీద పడిన ఒరిపిడి మరకలు దాని ఆకారానికే సరిపోతున్నాయో లేదో తప్పకుండా చూడండి.

దొంగ అచ్చులూ ఉంటాయి. అసలు అచ్చయితే గీతల్లో మురికి పేరుకుని, తోలు పగుళ్లు అచ్చును చీల్చుకుంటూ పోతాయి. కొత్తగా కొట్టినదైతే ఆ పగుళ్ల మీదే అచ్చు పడి, అంచులు పదునుగా ఉంటాయి.

చేతికి ఎర్రటి పొడి అంటుతోందంటే తోలు లోపల్నుంచి పాడవుతోందన్నమాట, దాన్ని మళ్లీ మళ్లీ తెరిచి మూయకండి. తడిలేని మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ప్రతి అచ్చునూ ఫోటో తీసి, గాలి ఆడే పొడి చోట కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి.