టైల్స్ వేయబోతే గోడ వంకర: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

విశాఖ కంచరపాలెంలో ఒక పాత ఇంటి వంటగది. గట్టు వెనక గోడకు రెండు బై నాలుగు అడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయించి అప్పటికి పద్నాలుగు నెలలు. పగలు చూస్తే అద్దంలా ఉంది. సాయంత్రం చిమ్నీ లైటు వేయగానే ప్రతి జాయింటు దగ్గరా సన్నటి నీడ. గోరు పెట్టి లాగితే పక్క టైల్ అంచుకి తగిలి ఆగిపోతోంది. వేలితో కొడితే కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల డొల్లగా మోగుతోంది. ఒక టైల్ ఊడదీసి చూశాం. వెనకాల ఇడ్లీల్లా ఐదు సిమెంటు ముద్దలు, మిగతాదంతా ఖాళీ.

ఇంటాయన పోర్టులో చేసి రిటైరైన మనిషి. "గోడ వంకరుందని నేను ముందే అన్నాను బాబూ. టెన్షన్ పడకండి, మాల్‌లో సర్దేస్తానన్నాడు మేస్త్రి" అన్నారు. మాల్ అంటే సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద. పాత ఇళ్ల బాత్రూంలు, వంటగదులు మార్చే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. గోడలో ఉన్న తేడా గోడ దగ్గరే తీయాలి. టైల్ వెనక దాస్తే ఏదో ఒక రోజు బయటికొస్తుంది.

ముందు తేడా ఏ రకమో తేల్చుకోండి

"గోడ బాగోలేదు" అన్న మాటలో మూడు వేర్వేరు లోపాలుంటాయి. గోడ మీద ఎత్తుపల్లాలు ఉండటం ఒకటి. నున్నగానే ఉన్నా పైనుంచి కిందికి తూకం తప్పడం ఇంకొకటి. రెండు గోడలు కలిసే మూల మూలమట్టానికి రాకపోవడం మూడోది. దేనికి దాని మందు వేరు.

పాత టైల్స్ కొట్టేసి, దుమ్ము దులిపాక ఆరడుగుల అల్యూమినియం పట్టీ గోడకు ఆనించండి. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా మూడు రకాలుగా పెట్టి చూడాలి. రాత్రిపూట చేస్తే మేలు. గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వేస్తే పగలు కనిపించని గుంట కూడా నీడతో తేలుతుంది. ఉబ్బులకు సుద్దముక్కతో ఇంటూ, పల్లాలకు సున్నా పెట్టుకుంటూ వెళ్లండి. పట్టీ కింద 3 మి.మీ. దాకా తేడా ఉంటే ఫరవాలేదు. పెద్ద టైల్స్ వేస్తుంటే అంత కూడా లేకుండా చూసుకోవాలి. టైల్ ఎంత పెద్దదైతే గోడ వంకర అంత బయటపడుతుంది.

పట్టీ పెడితే మధ్యలో సందు, లేదా పట్టీ ఊగుతోంది

సందు ఉంటే పల్లం, ఊగితే ఉబ్బు. పల్లానికి ఎక్కువసార్లు కారణం మనమే. పాత టైల్స్ కొట్టేటప్పుడు వాటితోపాటు ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడొస్తుంది. పైపుల కోసం గాడి కొట్టి పూడ్చిన చోట కూడా అంతే. ఉబ్బు సాధారణంగా పిల్లరు, ఇటుక గోడ కలిసే చోట వస్తుంది. పిల్లరు గోడ కంటే కాస్త ముందుకు ఉంటే పాతకాలం మేస్త్రీలు అక్కడ వాలుగా ప్లాస్టరింగ్ చేసి కలిపేసేవారు.

ఉబ్బుతోనే మొదలుపెట్టండి. ఒక్క చోట పదో పన్నెండో మి.మీ. ఉబ్బుంటే, దానికి సమానంగా రావాలని గోడ మొత్తానికి మాల్ ఎక్కించే మేస్త్రీలున్నారు. అంత సిమెంటు, అంత బరువు ఎందుకు? ఉబ్బు ఉన్న రెండడుగులే సుత్తి, శానంతో కొట్టేస్తే సరిపోతుంది. అది పిల్లరైతే మాత్రం పైనున్న ప్లాస్టరింగ్ వరకే కొట్టాలి, కాంక్రీటు జోలికి వెళ్లకూడదు.

పల్లం ఎంత లోతో చూసి పని ఎంచుకోండి. 3 మి.మీ. లోపు అయితే అంచుకు పళ్లున్న తాపీతో రాసే టైల్ అడెసివ్‌లోనే, అంటే టైల్ అంటించే జిగురులోనే, సర్దుకుపోతుంది. అంతకు మించితే బస్తా మీద ఎంత మందం దాకా వాడొచ్చని రాశారో చదవండి. మామూలు రకాలు 3 నుంచి 6 మి.మీ. పూతకే. ఆ పైన ప్లాస్టరింగే దారి. గోడకు గాట్లు పెట్టి, దుమ్ము కడిగి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపిన మాల్ ఎక్కించాలి. ఒక పూతలో 15 మి.మీ. దాటించకండి. ఇంకా కావాలంటే మొదటి పూత తడిగా ఉండగానే తాపీ మొనతో అడ్డగీతలు గీసి, గట్టిపడ్డాక రెండోది వేయాలి. ఒకేసారి మందంగా కొడితే బరువుకు జారుతుంది, జారకపోయినా ఆరేటప్పుడు బీటలిస్తుంది. పిల్లరు, ఇటుక కలిసే చోట చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) బిగించడం మరిచిపోవద్దు.

మాల్ తడిగా ఉండగానే పట్టీ మళ్లీ పెట్టి చూడండి. అప్పుడైతే సరిచేయడానికి ఒక లాగుడు చాలు. మర్నాడు చూస్తే మళ్లీ సుత్తి పట్టుకోవాలి. పైన నున్నగా పాలిష్ చేయించొద్దు. అడెసివ్‌కి గరుకు కావాలి.

మూల దగ్గర టైల్ ముక్క పైన సన్నంగా, కింద లావుగా వస్తోంది

ఇది తూకం తప్పిన గోడ. పై అంచున మేకు కొట్టి తూకం గుండు వేలాడదీసి, దారానికీ గోడకూ మధ్య దూరం పైన, నడుమ, కింద కొలవండి. పైన 50, కింద 62 వచ్చిందంటే గోడ 12 మి.మీ. వాలింది. పాత ఇళ్లలో ఇది మామూలే. ఎనిమిదడుగుల ఎత్తులో ఈ మాత్రం తేడా ఉంటే ఒక్కోసారి వదిలేయొచ్చని నా అభిప్రాయం. గోడ చదునుగా ఉంటే టైల్ చక్కగా అంటుకుంటుంది. కోత ముక్కలు తలుపు వెనక మూలకు వచ్చేలా మొదలుపెడితే ఎవరి కంటా పడదు. తలుపు తీయగానే ఎదురయ్యే గోడైతే మాత్రం సరిచేయించండి.

సరిచేయించే ముందు ఒక్క జాగ్రత్త. గోడ మీద మందం పెరిగితే షవర్ డైవర్టర్ (నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే, గోడలో బిగించే వాల్వు), కుళాయి పాయింట్లు, స్విచ్ బాక్సులు అంత లోపలికి పోతాయి. మధురవాడలో ఒక ఫ్లాట్‌లో ప్లాస్టరింగ్, అడెసివ్, టైల్ కలిపి మొత్తం ముప్పై మి.మీ. దాటింది. చివర్లో డైవర్టర్ పిడి బిగించబోతే లోపలి కడ్డీ అందలేదు. వేసిన టైల్ పగలగొట్టి ఎక్స్‌టెన్షన్ ముక్క పెట్టాల్సి వచ్చింది. అందుకే ప్లంబర్, ఎలక్ట్రీషియన్ పాయింట్లు బిగించక ముందే టైల్ పైతలం ఎక్కడికొస్తుందో దారం కట్టి చూపించాలి. గుమ్మం చెక్క దగ్గరా ఇదే లెక్క. టైల్ అంచు గుమ్మం దాటి బయటికి పొడుచుకు రాకూడదు.

గట్టు రాయి మూలలో ఆనడం లేదు

మూల తప్పింది. ఒక గోడ మీద మూడడుగులు, పక్క గోడ మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి. సరిగ్గా ఐదడుగులు వస్తే మూలమట్టం కుదిరినట్టు. ఏ గోడకు తక్కువ మందంతో సరిపోతుందో దానికే ఎక్కించండి, రెండింటి జోలికీ పోవద్దు.

గోడ గోకితే పొడి రాలుతోంది, తెల్లగా ఉప్పు తేలింది

విశాఖలో నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఉప్పుగాలి ఏడాది పొడుగునా తగులుతూనే ఉంటుంది. పాతరోజుల్లో సరిగ్గా కడగని ఇసుక వాడిన గోడల్లో ఉప్పు లోపలే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను దెబ్బకి కిటికీల చుట్టూ పడిన బీటల్ని పైపైన పూసేసిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. నీరు ఉప్పును కరిగించి పైకి తెస్తుంది, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. అది గడ్డకట్టేటప్పుడు ప్లాస్టరింగ్‌ను లోపలినుంచి తోస్తుంది. ఇలాంటి గోడ మీద పట్టీ పెట్టి కొలవడం దండగ.

ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. మేడమీద నుంచా, పక్క బాత్రూం పైపునుంచా, బయట గోడ బీటనుంచా? ఎక్కడో తెలియకపోతే రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. షీటు లోపలి వైపు తడి పట్టిందంటే అది గోడలోంచి వచ్చింది. పై వైపు పట్టిందంటే మన ఊరి ఉక్కపోత గాలిదే.

నీటి సంగతి తేలాక, గుల్లగా ఉన్న ప్లాస్టరింగ్ అంతా గట్టి గోడ తగిలేదాకా కొట్టేయండి. ఉప్పును మాత్రం పొడిగా ఉండగానే బ్రష్‌తో దులిపి, ఊడ్చి బయట పారేయాలి. నీళ్లు కొట్టి కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాతే కొత్త ప్లాస్టరింగ్.

ఊడిన టైల్ వెనక తెల్లటి పొర

అది పుట్టీ. అడెసివ్ పుట్టీకి అంటుకుంది, పుట్టీ గోడను వదిలేసింది. రంగు, పుట్టీ పూర్తిగా గోకేయడమే, అడ్డదారి లేదు. పల్లాల్ని పుట్టీతో నింపేద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి.

ముద్దల సంగతి

పాతకాలం చిన్న సిరామిక్ టైల్స్‌ను నీళ్లలో నానబెట్టి మాల్ మీద వేసేవారు. అవి నీరు పీల్చుకునే రకం కాబట్టి సిమెంటు పట్టేది. విట్రిఫైడ్ టైల్ పీల్చే నీరు అర శాతం కూడా ఉండదు. సిమెంటు ముద్దలు దాన్ని పట్టుకోవు. ముద్దల మధ్య ఖాళీలో నీరు నిలుస్తుంది, బొద్దింకలు కాపురం పెడతాయి, తువ్వాల కొక్కెం బిగించడానికి డ్రిల్లు పెడితే టైల్ పగులుతుంది. రెండు బై నాలుగు టైల్ ఒక్కోటి పదిహేను కిలోలకు అటూఇటూ తూగుతుంది. అంత బరువు ఐదు ముద్దల మీద తలెత్తున వేలాడుతుందన్నమాట.

మేస్త్రిని ఊరికే తిట్టి లాభం లేదు. ఆయనతో మనం మాట్లాడుకునేది టైల్ వేసిన చదరపు అడుగుకు ఇంత అని. గోడ సరిచేసిన రెండు రోజులకు కూలి ఎవరూ కట్టరు, అందుకే ముద్దలు. కంచరపాలెం వంటగది మళ్లీ చేసేటప్పుడు పట్టీ పెట్టి గుంటలు చూపించి, ప్లాస్టరింగ్‌కి వేరే రేటు ముందే మాట్లాడాం. "అలాగైతే నాకేటండి, రేపే మొదలెట్టేద్దాం" అన్నాడు కొత్త మేస్త్రి. ప్లాస్టరింగ్ రెండు రోజుల్లో అయిపోయింది. వారం రోజులు నీళ్లు కొట్టాం. తర్వాత ఆరనివ్వడానికే ఎక్కువ టైం పట్టింది, ఎందుకంటే అది వానల నెల. ప్లాస్టిక్ షీటు లోపల తడి కనిపించినన్నాళ్లూ టైల్ పెట్టెలు హాల్లోనే ఉన్నాయి, పెద్దాయన వాటి మీదే కూర్చుని పేపర్ చదువుకున్నారు.