చెరువు హద్దును మే నెలలో కొలవకండి: పునరుద్ధరణ పనులకు ముందు జాగ్రత్తలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఆ వరద చేరవలసిన కొల్లేరు సరస్సులో లంక గ్రామాలు కూడా మునిగాయి. వానలకు ముందు చెరువు పనులు తలపెట్టే పంచాయతీలు, నీటి సంఘాలు, కాలనీ సంఘాలు టెండరు పిలవకముందే ఈ జాగ్రత్తలు చదవాలి. చెత్త వేయరాదని, మురుగు కలపరాదని అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు.

ఎన్నో పనులను చెడగొట్టిన పొరపాటు ఒక్కటే. ఎండాకాలంలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అంతవరకే చెరువు అనుకుని హద్దు గీయడం. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి, పశువుల మేతకు తప్ప పనికిరానట్టు కనిపించే శిఖం భూమే (చెరువు నిండినప్పుడు మునిగే నేలే) నిజానికి చెరువు సంపాదనలో పెద్ద భాగం. వరదను ముందుగా పట్టుకునేది అదే. కొరమీను వంటి నాటు చేపలు గుడ్లు పెట్టేది లోతు తక్కువైన ఆ గడ్డి అంచుల్లోనే. పొలాల నుంచి కొట్టుకువచ్చే ఎరువును వడకట్టే తుంగ మొలిచేదీ అక్కడే. ఒక ఎకరంలో మీటరు లోతున నీరు నిలిస్తే అది సుమారు 40 లక్షల లీటర్లు. పది ఎకరాల అంచును మెరక చేస్తే, నిలవడానికి చోటు లేని నాలుగు కోట్ల లీటర్లు ఎవరి ఇళ్లలోకి వెళ్తాయో ముందే ఆలోచించాలి.

కొల్లేరులో జరిగిందీ ఇదే పొరపాటు. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించినా, వేసవిలో ఆరిన నేలను ఖాళీ నేలగా చూసి చేపల చెరువుల గట్లు వేశారు. 2006లో ఆ గట్లను ప్రభుత్వమే పెద్ద ఎత్తున పేల్చి, తవ్వి తొలగించవలసి వచ్చింది. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న కోరిక కూడా ఎండాకాలపు కొలతలో నుంచి పుట్టినదే.

లెక్కల్లోనూ జాగ్రత్త అవసరం. చేపల వేలం సొమ్ము, చుట్టూ పెరిగే స్థలాల ధర మాత్రమే రాస్తే చెరువును పూడ్చడమే లాభమని కాగితం మీద తేలుతుంది. తప్పిన వరద నష్టం, మళ్లీ నీరు పట్టిన బోర్లు, మేత, పూడిక మట్టి వల్ల పొలానికి తగ్గిన ఎరువు ఖర్చు రాయండి. అయితే ఒకే నీటిని రెండుసార్లు లెక్కపెట్టకండి: బోర్లలో నీరు పెరిగిందని ఒకసారి, ఆ బోర్ల కింద పంట పండిందని మరోసారి రాస్తే అధికారి మొత్తం నివేదికనే పక్కన పెడతాడు. అమెరికాలో బోస్టన్ దగ్గర చార్లెస్ నదికి ఆనకట్ట కట్టే బదులు, 1977 నుంచి 1983 మధ్య ఎనిమిది వేలకు పైగా ఎకరాల చిత్తడి నేలను కొని, హక్కులు తీసుకుని అలాగే ఉంచారు. ఖర్చు ఆనకట్టకు అయ్యేదానిలో సుమారు పదో వంతు మాత్రమే. అక్కడ కూడా కొన్నది వరద వస్తే మునిగే అంచునే.

అలుగు (నిండిన నీరు పొర్లిపోయే చోటు) పైఅంచు మట్టాన్ని లెవెల్ యంత్రంతో చుట్టూ తీయించి రాళ్లు పాతించండి. పెద్ద వరదలో నీరు అంతకన్నా పైకి ఎక్కుతుందని మరువకండి. నోటిఫై అయిన చిత్తడి నేలలకు 2017 నిబంధనలు పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలను నిషేధించాయి. అక్కడ కూడా కొలమానం వరదే, వేసవి కాదు. రింగ్ బండ్ (నీటి చుట్టూ గట్టు) వేసి నడక దారి చేయవద్దు, ఫొటోకు బాగుంటుంది కానీ చెరువును సగానికి కోసేస్తుంది. కట్ట మొదట్లో తవ్వవద్దు. అడుగున ఉన్న బంకమట్టి పొరను చీల్చవద్దు, నీరు నిలవదు. వాగు నుంచి వచ్చే కాలువను బాగుచేయకుండా పూడిక తీయవద్దు. గుర్రపుడెక్కను తీసి గట్టు మీదే వదలవద్దు. పట్టా ఉందని ఎవరైనా అంటే రెవెన్యూ పటం తెప్పించండి. మళ్లీ చెబుతున్నాను, మే నెల కొలతతో హద్దు గీయవద్దు. ఎవరు అడిగినా గీయవద్దు. చేపలు పోకుండా అలుగుకు అడ్డం కట్టిన వలలను, ఇసుక బస్తాలను తొలి వానకు ముందే తీయించండి. తీయకపోతే వేలం రద్దవుతుందన్న షరతును ఒప్పందంలోనే రాయించండి.